బీపీ మాత్ర వేసుకుంటున్నా టెన్షన్ పడితే బీపీ ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న: మాది కొవ్వూరు. మా నాన్నగారికి 66 ఏళ్లు. ఏడాదిన్నరగా రోజూ పొద్దున ఆమ్లోడిపిన్ 5 ఎంజీ మాత్ర వేసుకుంటున్నారు. ఇంట్లో మామూలుగా చూస్తే 130/80 అటూ ఇటూగా ఉంటోంది. కానీ దేనికైనా టెన్షన్ పడ్డా, కార్తీకమాసంలో తెల్లవారుజామున గోదావరి స్నానం చేసి వచ్చినా 160 దాటుతోంది. మా అమ్మాయి బీఫార్మసీ చదువుతోంది. "రక్తనాళాలను బిగించేది సింపథెటిక్ నరాలు. బిగించడానికి కాల్షియం కావాలి. తాతయ్య వేసుకునేది కాల్షియం చానెల్‌ను మూసే మందు. అలాంటప్పుడు నరం ఎంత గోల చేసినా నాళం బిగుసుకోకూడదు కదా?" అని అడుగుతోంది. నాకు జవాబు తెలియలేదు. మందు పనిచేయడం లేదనుకోవాలా? సాయంత్రానికి ఆయన పాదాలు కూడా వాస్తున్నాయి. ఎముకల కోసం వేసుకునే కాల్షియం మాత్ర ఈ మందును పాడుచేస్తుందా? అర్జెంటుకు నాలుక కింద పెట్టుకునే గుళిక ఒకటి ఇంట్లో ఉంచుకోమని తెలిసినాయన ఒకరు చెబుతున్నారు. ఉంచుకోవచ్చా?

సమాధానం: ముందు మీ భయం తీరే మాట. మందు పనిచేస్తోంది. తీరిగ్గా కూర్చున్నప్పుడు 130/80 ఉంటోందంటే అది ఆ మాత్ర చలవే. ఎముకల మాత్ర దాన్ని పాడుచేయదు. పాదాల వాపుకు దారి ఉంది. నాలుక కింద గుళిక మాత్రం వద్దే వద్దు. వీటి సంగతి ఒక్కొక్కటే చెబుతాను గానీ, ముందు మీ అమ్మాయి ప్రశ్న తేల్చాలి. అది తేలితే మిగతావాటికి సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

ఆ అమ్మాయి చెప్పిన మూడు మాటలూ నిజమే. వాటిని కలిపి చేసిన లెక్క దగ్గరే ఒకటి తప్పిపోయింది. నరంలో బయల్దేరిన సంకేతం ధమని గోడ దాకా వచ్చి, అక్కడి కండరం ముడుచుకునేలోపు కాల్షియం పని ఒక్కచోట కాదు, చాలాచోట్ల ఉంటుంది. ఆమ్లోడిపిన్ వాటిలో ఒక్కచోటే గట్టిగా అడ్డుపడుతుంది.

మొదటి నుంచీ చూద్దాం. ధమని గోడలో మధ్య పొర అంతా నునుపు కండరమే. చేతి కండరంలా ఇది మన ఇష్టానికి కదిలేది కాదు. దీన్ని నడిపేది వెన్నుపాము నుంచి వచ్చే సింపథెటిక్ నరాలు. 1850ల తొలినాళ్లలో ఫ్రాన్సులో క్లోడ్ బెర్నార్ కుందేలు మెడలో ఒకవైపు ఈ నరాన్ని కోసి చూశాడు. ఆ వైపు చెవిలో నాళాలు వెడల్పయ్యాయి, చెవి వెచ్చబడింది. అంటే మనం ఊరికే కూర్చున్నా ఆ నరం నాళాన్ని కొంత బిగించే ఉంచుతుందన్నమాట. చలివేసినా, భయమేసినా, కోపమొచ్చినా ఆ బిగింపు పెరుగుతుంది.

ఈ నరాల కొసలు ధమని పై పొర మీద అల్లుకుని ఉంటాయి. పొడవునా చిన్న చిన్న ఉబ్బులు, ఒక్కో ఉబ్బులో రసాయనం నిండిన సూక్ష్మమైన సంచులు ఉంటాయి. సంకేతం ఉబ్బు దగ్గరికి రాగానే అక్కడి కాల్షియం చానెళ్లు, అంటే కాల్షియం లోపలికి వచ్చే సన్నని తలుపులు, తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి వస్తేనే సంచులు నోరు తెరిచి రసాయనాన్ని బయటికి వదులుతాయి. కాల్షియం అవసరం పడే మొదటి చోటు ఇదే, అదీ కండరంలో కాదు, నరంలో. అయితే ఈ చానెళ్లలో రకాలున్నాయి, ఇక్కడ ఉండేవి ఎక్కువగా ఎన్-టైప్ చానెళ్లు. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ వంటి మందులు ముఖ్యంగా మూసేది ఎల్-టైప్‌ను. అందుకే ఈ మాత్ర వేసుకున్నా నరం తన రసాయనాన్ని దాదాపు మామూలుగానే వదులుతుంది. కోనస్ జాతి సముద్రపు నత్త విషంలో ఎన్-టైప్‌ను మూసే పదార్థం ఒకటి ఉంది. దాన్ని ప్రయోగశాలలో ధమని ముక్క మీద వేస్తే నరం నుంచి రసాయనం రావడమే చాలావరకు ఆగిపోతుంది. రెండూ కాల్షియం చానెల్‌ను మూసేవే. ఒకటి సంకేతాన్ని బయల్దేరనివ్వదు, రెండోది చేరిన సంకేతానికి దక్కే ఫలితాన్ని తగ్గిస్తుంది. మీ అమ్మాయి ఈ తేడాను పట్టుకుంటే చాలు, సగం చిక్కు విడిపోయినట్టే.

నరం వదిలే రసాయనం నార్‌అడ్రినలిన్ అని 1946లో స్వీడన్‌లో ఉల్ఫ్ వాన్ ఆయిలర్ తేల్చాడు. ఆయనకు 1970లో నోబెల్ వచ్చింది. ఆ సంచుల్లో నార్‌అడ్రినలిన్ ఒక్కటే ఉండదు, ఏటీపీ కూడా ఉంటుంది. ఏటీపీ పేరు వింటే మనవాళ్లకు యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకు రావాలి. భీమవరంలో పుట్టిన ఆయన, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరం నుంచి దీన్ని వేరుచేసి చూపించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుగొన్నాడు. కండరానికి శక్తినిచ్చేదిగానే అప్పటికి దాన్ని తెలుసుకున్నారు. ఆ తర్వాత 1970లలో జెఫ్రీ బర్న్‌స్టాక్, నరాలు కూడా ఏటీపీని సంకేతంగా వాడుకుంటాయని వాదిస్తే చాలామంది చాలాకాలం నమ్మలేదు. ఇప్పుడది పాఠ్యపుస్తకాల్లో ఉన్న విషయం. మీ నాన్నగారి ధమనుల్లో ఈ క్షణం జరుగుతున్న పనిలో భీమవరం ఆయన కనిపెట్టిన పదార్థం కూడా ఉందని ఆయనతో చెప్పండి, సంతోషిస్తారు.

ఇక కండరం దగ్గరికి వద్దాం. మీ అమ్మాయి లెక్క తప్పిన చోటు ఇదే కాబట్టి కాస్త ఓపిగ్గా చెబుతాను.

ఏటీపీ తగలగానే కండర కణం పొరకు లోపలా బయటా ఉన్న వోల్టేజి తేడా చప్పున తగ్గుతుంది. ఆ తగ్గుదల సరిపడినంత ఉంటే ఎల్-టైప్ చానెళ్లు తెరుచుకుంటాయి. బయటి నుంచి కాల్షియం లోపలికి వస్తుంది. మామూలు వేళ కణం లోపల ఉండే స్వేచ్ఛా కాల్షియం బయట ఉన్నదానిలో సుమారు పదివేలో వంతు మాత్రమే. అందుకే తలుపు కాస్త తెరిచినా చాలు, లోపల కాల్షియం ఎన్నోరెట్లు పెరుగుతుంది. అది కాల్మోడ్యులిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, దానితో కండరాన్ని లాగే మయోసిన్ అనే ప్రొటీన్ పనిలోకి దిగుతుంది, కండరం ముడుచుకుంటుంది. ఆమ్లోడిపిన్ ఈ దారిని బాగా మూయగలదు.

నార్‌అడ్రినలిన్ దారి వేరు. అది కండర కణం పొర మీద సంకేతాన్ని అందుకునే ఆల్ఫా-1 రిసెప్టర్ మీద కూర్చుంటుంది. లోపల ఐపీ3 అనే చిన్న అణువు తయారై, కణంలోనే దాచి ఉన్న కాల్షియం నిల్వను విడుదల చేయిస్తుంది. దీనికి ఎల్-టైప్ చానెల్‌తో పని లేదు. ఇంకొకటి, రో-కైనేజ్ అనే ఎంజైము ద్వారా అది కండరాన్ని కాల్షియానికి మరింత చురుగ్గా స్పందించేలా చేస్తుంది. అంటే కాల్షియం కొత్తగా పెరగకపోయినా ఉన్నదానితోనే ఎక్కువ బిగింపు వస్తుంది. నార్‌అడ్రినలిన్ కూడా పొర వోల్టేజిని కొంత మార్చి ఎల్-టైప్‌ను తెరిపిస్తుంది, ఆ వాటాను మాత్రం మందు ఆపుతుంది. గోదావరి కాలువ కింద వ్యవసాయం తెలిసినవాళ్లు కాబట్టి మీకు ఇలా చెబితే సులువు: ఎల్-టైప్ చానెల్ కాలువ తూము. తూము దించితే నీళ్లు బాగా తగ్గుతాయి, కానీ పొలంలో సొంత బోరు ఉన్న రైతు పొలం ఎండిపోదు.

ఈ సంగతి ప్రయోగశాలలో కళ్లారా చూడొచ్చు. ఎలుక తోక ధమని నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల ఉంగరం కోస్తారు. దాని బోలులోకి రెండు సన్నని తీగలు దూరుస్తారు. ఒక తీగను కదలకుండా బిగించి, రెండోదాన్ని బలం కొలిచే సాధనానికి తగిలిస్తారు. ఉంగరాన్ని 37 డిగ్రీల దగ్గర ఉప్పు, గ్లూకోజు కలిసిన క్రెబ్స్ ద్రావణంలో ముంచి ఉంచుతారు. అడుగు నుంచి ఆక్సిజన్, కొద్దిగా కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తుంటాయి. రెండు పక్కలా ప్లాటినం ఎలక్ట్రోడ్లు. వాటి గుండా మిల్లీసెకను కూడా లేని చిన్న చిన్న షాకులు ఇస్తే, ఉంగరానికి అతుక్కుని ఉన్న నరాల కొసలు మాత్రమే రేగుతాయి. కండరం బిగుసుకుని తెర మీద గీత పైకి లేస్తుంది. షాకులు ఆపగానే మెల్లగా దిగుతుంది. ఇది నరం వల్లే వచ్చిందా, షాకు నేరుగా కండరానికి తగిలి వచ్చిందా అనే అనుమానం తీరడానికి పఫర్ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ వేస్తారు. అది నరంలో సంకేతం నడవకుండా చేస్తుంది. గీత పైకి లేవడం మానేస్తే అంతకుముందు లేచింది నరం వల్లేనని రుజువైనట్టు.

ఇప్పుడు నిఫెడిపిన్. అదే ఉంగరానికి ద్రావణంలో పొటాషియం బాగా పెంచి బిగింపు తెప్పిస్తే, నిఫెడిపిన్ దాన్ని దాదాపు పూర్తిగా పడగొడుతుంది. ఎందుకంటే పొటాషియం చేసేదల్లా పొర వోల్టేజిని మార్చి ఎల్-టైప్‌ను తెరవడమే. అదే నిఫెడిపిన్ ఉండగా నరాలకు షాకులిస్తే గీత పొట్టిదవుతుంది గానీ చాలా ధమనుల్లో చచ్చిపోదు. మిగిలిన ఆ బిగింపు మీద ఆల్ఫా రిసెప్టర్‌ను మూసే ప్రాజోసిన్ వేస్తే అది కూడా చాలావరకు పోతుంది. ఎంత పోతుంది, ఎంత మిగులుతుంది అన్నది ధమనిని బట్టి, షాకుల వేగాన్ని బట్టి మారుతుంది. ఎలుక పేగులకు రక్తం తీసుకెళ్లే ధమనులు సన్నబడే కొద్దీ ఏటీపీ వాటా పెరుగుతుందని తెలుసు. షాకులు ఎక్కువసేపు సాగితే నార్‌అడ్రినలిన్ వాటా పైచేయి అవుతుంది. కాబట్టి మీ అమ్మాయిని ఎవరైనా పరీక్షలో "కాల్షియం చానెల్ మందు నరం వల్ల వచ్చే బిగింపును ఆపుతుందా?" అని అడిగితే, ఏ ధమనిలో, ఏ రిసెప్టర్ ద్వారా వచ్చే బిగింపును అని ఎదురు అడిగే హక్కు ఆమెకుంది.

మరి మాత్ర బీపీని తగ్గిస్తున్నది ఎలా? ధమని బిగింపులో నరంతో సంబంధం లేని వాటా ఒకటుంది. లోపల రక్తం ఒత్తిడి పెరిగి గోడ సాగినప్పుడు నునుపు కండరం తనంతట తానే బిగుసుకుంటుంది. విలియం బేలిస్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1902లో దీన్ని వివరించాడు. ఈ స్వతహా బిగింపు బాగా ఆధారపడేది ఎల్-టైప్ చానెళ్ల మీదే. ఇంకా చిత్రం, ఒత్తిడిలో ఉన్న సన్న ధమని కండరంలో పొర వోల్టేజి ఎప్పుడూ కొంత తగ్గే ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న ఎల్-టైప్ చానెల్‌కు ఆమ్లోడిపిన్ జాతి మందులు మరింత గట్టిగా అతుక్కుంటాయి. గుండె కండరం బీటుకీ బీటుకీ మధ్య ఆ స్థితిలో ఉండదు. ఈ మందులు గుండెను పెద్దగా కదపకుండా ధమనులను వదులు చేయడానికి ఇదొక ముఖ్య కారణం. అంటే మీ నాన్నగారి మాత్ర పగలూ రాత్రీ ఉండే అడుగు బిగింపును తగ్గిస్తోంది. టెన్షన్ వచ్చినప్పుడు నరం ఇచ్చే పోటు దాని మీద వచ్చి పడుతోంది. పోటు కొంత తగ్గుతుంది గానీ ఆగదు. అదీగాక టెన్షన్‌లో అవే నరాలు గుండెకూ వెళ్లి దాని వేగాన్నీ బలాన్నీ పెంచుతాయి. అక్కడ ఆమ్లోడిపిన్ పెద్దగా చేసేదేమీ లేదు. మాత్ర లేకపోతే ఆ 160 ఇంకా పైన ఎక్కడో ఉండేది.

నరం మాట పూర్తిగా ఆగిపోతే మంచిదే కదా అనిపిస్తుంది. అనిపించడం సహజం, కానీ కాదు. ఒకప్పుడు వైద్యులు సరిగ్గా అదే చేశారు. 1930లు, 40లలో అమెరికాలో బీపీ మరీ ఎక్కువున్న రోగులకు ఆపరేషన్ చేసి సింపథెటిక్ నరాలనే కోసేసేవారు. బీపీ తగ్గేది, కానీ మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగేవి. మనం లేచి నిలబడ్డప్పుడు అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకీ పొట్ట కిందికీ జారుతుంది. ఆ క్షణంలోనే నరాలు ధమనులనూ సిరలనూ బిగించకపోతే మెదడుకు రక్తం చాలదు. తర్వాత వచ్చిన గ్వానెథిడిన్ అనే మందు నరం కొసనే మొద్దుబార్చేది. దానితోనూ అదే బాధ. మన సర్పగంధ వేరు గురించి 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ రాసిన పరిశోధన వ్యాసం ప్రపంచం దృష్టిని లాగింది. అందులోంచి తీసిన రిసర్పిన్ నరం సంచుల్లోని నార్‌అడ్రినలిన్‌ను ఖాళీ చేస్తుంది. బీపీ తగ్గేది, కానీ కొందరిని దిగులు కమ్మేసేది. వీటితో పోలిస్తే 1960లలో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఆల్బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్ పనితో దారి తెరుచుకున్న కాల్షియం చానెల్ మందులు ఎంతో మేలు. మీ నాన్నగారు మాత్ర వేసుకున్నాక కూడా తెల్లవారుజామున గట్టు దిగి, స్నానం చేసి, తూలకుండా మెట్లెక్కి ఇంటికి వస్తున్నారంటే ఆ నరాలు ఇంకా పనిచేస్తున్నాయి కాబట్టే. టెన్షన్‌లో కనిపించే 160, నిలబడ్డప్పుడు పడిపోకుండా కాపాడే శక్తి, రెండూ ఆ నరాల నుంచే వస్తున్నాయి.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఆయన వయసు మగవాళ్లకు ప్రోస్టేట్ ఇబ్బందితో టామ్సులోసిన్ వంటి మాత్రలు రాయడం మామూలే. బీపీకే ప్రాజోసిన్ రాయడమూ ఉంది. ఇవి ఆల్ఫా రిసెప్టర్‌ను మూసేవి. పైన ఉంగరం మీద చూశాం కదా, మందు వదిలేసిన మిగతా బిగింపును కూడా ఇవి తీసేయగలవు. ప్రాజోసిన్ మొదటి డోసుతోనే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు ఉన్నారు. అలాంటి మాత్ర ఎప్పుడైనా మొదలుపెడితే బీపీ మాత్ర సంగతి ఆ డాక్టరుకు తప్పక చెప్పండి. మొదటి డోసు రాత్రి పడుకునే ముందు వేసుకుని, మధ్యలో లేవాల్సి వస్తే మంచం అంచున కాసేపు కూర్చుని లేవాలి.

పాదాల వాపు. ఇది మీ అమ్మాయి మాట కొంతవరకు నిజమయ్యే చోటు. మనం నిలబడ్డప్పుడు పాదాల్లోని కేశనాళికల మీద రక్తం బరువు పడుతుంది. దాన్ని అడ్డుకోవడానికి పాదంలోని సన్న ధమనులు వెంటనే బిగుసుకుంటాయి. ఇందులో అక్కడి నరాలకూ పాలుంది, కండరం స్వతహా బిగింపుకూ పాలుంది. ఆమ్లోడిపిన్ ఈ రక్షణను మొద్దుబారుస్తుంది. ధమని వైపు వదులవుతుంది, సిర వైపు అంతగా కాదు. మధ్యలో ఉన్న కేశనాళికలో ఒత్తిడి పెరిగి నీరు ఊరి బయటికి వస్తుంది. పొద్దున తక్కువ, సాయంత్రానికి ఎక్కువ, పడుకుంటే తగ్గడం, రెండు పాదాలకూ సమానంగా ఉండడం దీని లక్షణం. మూత్రపిండాలు నీరు పట్టి ఉంచడం వల్ల వచ్చిన వాపు కాదు కాబట్టి ఒంట్లో నీరు తీసే మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు. మందుల షాపులో అడిగి అలాంటివి వేయకండి.

డాక్టరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. డోసు సగం చేసి టెల్మిసార్టన్ వంటి మాత్రతో జత చేయవచ్చు. అది సిర వైపును కూడా కొంత వదులు చేస్తుంది కాబట్టి వాపు తగ్గుతుంది, బీపీ కూడా అదుపులో ఉంటుంది. సిల్నిడిపిన్‌కు మార్చడం ఇంకో దారి. జపాన్ నుంచి వచ్చిన ఈ మందు మన దగ్గర బాగా వాడుకలో ఉంది. ఇది ఎల్-టైప్‌తో పాటు నరం కొసల్లోని ఎన్-టైప్‌ను కూడా కొంత మూస్తుంది. పైన చెప్పిన నత్త విషం చేసే పనిని చాలా మెత్తగా చేస్తుందన్నమాట. దీనితో వాపు తక్కువ, గుండె వేగం పెరగడమూ తక్కువ. మరి అందరికీ ఇదే ఎందుకు ఇవ్వరు? గుండెపోటు, పక్షవాతం తగ్గించడంలో ఏళ్ల తరబడి వేలమందిలో నిలబడ్డ రుజువు ఆమ్లోడిపిన్‌కు ఎక్కువ. బీపీ మందులను పోల్చి చూసి 2002లో ఫలితాలు వచ్చిన ఆల్‌హాట్ పరీక్షలో 33 వేల మందికి పైగా పాల్గొన్నారు, అందులో పరీక్షించిన మందుల్లో ఆమ్లోడిపిన్ ఒకటి. నా మటుకు నేను వాపు భరించలేనంత ఉంటేనే మందు మార్చమంటాను. ఏది చేసినా డాక్టరును అడిగి చేయండి, మాత్ర ఒక్కసారిగా మానేయకండి.

వాపు ఒక్క కాలికే ఉన్నా, నొప్పి, ఎరుపు ఉన్నా, రాత్రి పడుకుంటే ఆయాసం వస్తున్నా, పొద్దున ముఖం ఉబ్బుతున్నా అది ఈ మందు పని కాకపోవచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా చూపించండి.

నాలుక కింద గుళిక అంటే నిఫెడిపిన్ క్యాప్సూల్. పూర్వం చాలా ఆస్పత్రుల్లో బీపీ ఎక్కువగా కనిపిస్తే దాన్ని కొరికించేవారు, నాలుక కింద పిండేవారు. నిజానికి నోట్లోంచి అది ఒంటికి పట్టేది చాలా తక్కువ, మింగాక కడుపులోంచే పడుతుంది. పట్టాక బీపీ ఎంత పడుతుందో, ఎంత వేగంగా పడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. అలా పడిపోగానే మెడలోని ధమనుల్లో ఒత్తిడిని కనిపెట్టి ఉండే నరాలు మెదడును హెచ్చరిస్తాయి. సింపథెటిక్ నరాలు ఒక్కసారిగా విజృంభించి గుండెను పరుగెత్తిస్తాయి. ధమనులు అప్పటికే వదులైపోయి ఉంటాయి, గుండె పరుగుకు చాలినంత రక్తం దానికే అందదు. దీనితో పక్షవాతం, గుండెపోటు వచ్చిన రోగుల సంగతులు పోగై, 1996లో అమెరికా వైద్య పత్రికలో ఈ పద్ధతిని ఆపేయాలని నిపుణులు రాశారు. గర్భిణులకు బీపీ బాగా పెరిగితే ఆస్పత్రిలో దగ్గరుండి నిఫెడిపిన్ ఇస్తారు, అది వేరే సంగతి. ఇంట్లో 66 ఏళ్ల మనిషికి అంచనా మీద ఇచ్చే మందు కాదు. రీడింగ్ 180/120 దాటి, దానితో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడడం, చెయ్యో కాలో పట్టు తప్పడం వంటివి ఉంటే చేయాల్సింది ఆస్పత్రికి తీసుకెళ్లడమే.

ఎముకల మాత్ర గురించి రెండు ముక్కలు. రక్తంలో కాల్షియాన్ని శరీరం చాలా ఇరుకైన హద్దుల్లో, డెసీలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 ఎంజీ మధ్య పట్టి ఉంచుతుంది. డాక్టరు చెప్పిన మేరకు వేసుకునే మాత్ర ఆ లెక్కను మార్చదు, కాబట్టి ఆమ్లోడిపిన్‌తో కొట్టుకోదు. ఎవరైనా పొరపాటున ఈ బీపీ మాత్రలు మోతాదు మించి మింగితే ఆస్పత్రిలో సిర ద్వారా కాల్షియం ఎక్కిస్తారు. అది చాలా పెద్ద మోతాదు, మీ మాత్రకు దానితో పోలిక లేదు.

కార్తీక స్నానం మానమని చెప్పను. కానీ చన్నీళ్లు ఒంటికి తగలగానే చర్మంలోని నాళాలు బిగుసుకోవడం నరం వల్ల వచ్చే ప్రతిస్పందనల్లో చాలా బలమైనది. దాన్ని వాడుకునే పరీక్షే ఉంది, చేతిని ఐసు నీళ్లలో నిమిషం ఉంచి బీపీ ఎంత పెరిగిందో చూస్తారు. 1930ల నుంచీ వైద్యులు ఇది చేస్తున్నారు. కాబట్టి ఒక్కసారిగా మునగకుండా ముందు కాళ్లు, చేతులు, ముఖం తడుపుకుని తర్వాత దిగమనండి. ఒంటరిగా పంపకండి. ఛాతీలో ఎప్పుడైనా బరువుగా అనిపించి ఉంటే మాత్రం ఇంట్లో గోరువెచ్చని నీళ్లే.

స్నానం చేసి వచ్చిన వెంటనే బీపీ చూడడం మానండి. ఆ అంకెను చూసి మళ్లీ టెన్షన్, టెన్షన్ చూసి మళ్లీ పైకి. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి, పొద్దున మాత్ర వేసుకోకముందు, మళ్లీ సాయంత్రం. ఒక వారం ఇలా రాయండి. ఇంట్లో చూసిన రీడింగుల సగటు 135/85 లోపు ఉంటే, ఆయనకు డాక్టరు ఇంకా తక్కువ లక్ష్యం పెట్టకపోతే, అదుపులో ఉన్నట్టే. వారంలో ఒకటి రెండు రోజులు కూర్చున్నప్పుడు చూసి, లేచి నిలబడ్డాక ఒకటి నుంచి మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతుంటే ఆ కాగితం డాక్టరుకు చూపించండి.

చివరగా, జలుబు చేస్తే షాపులో తెచ్చుకునే మాత్రల పట్టీ తిప్పి చూడండి. వాటిలో చాలావాటిలో ఫినైల్ఎఫ్రిన్ ఉంటుంది. ముక్కు దిబ్బడ తగ్గించడానికి అది నాళాలను బిగిస్తుంది, బిగించేది అదే ఆల్ఫా-1 రిసెప్టర్ ద్వారా, అంటే ఆమ్లోడిపిన్ పూర్తిగా మూయలేని దారిలోనే. మీ నాన్నగారికి జలుబు చేస్తే ఆవిరి పట్టించండి, ముక్కులో వేసుకునే ఉప్పునీటి చుక్కలు వాడండి. మాత్రే కావాలంటే బీపీ ఉందని చెప్పి, ఫినైల్ఎఫ్రిన్ గానీ సూడోఎఫిడ్రిన్ గానీ లేనిది అడగండి. ఆ పట్టీ వెనక పేర్లు చదివే పని మీ అమ్మాయికి అప్పజెప్పండి.